నూటికి నూరు బాధ్యత

ఆ ఉదయం హెడ్ క్లర్కు వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు ఆఫీసు చేరాలి. రికార్డు గది మూలనున్న కుళాయిని నిన్న కట్టేయకపోవడంతో తడిసిన సర్వే పటాలను మేడ మీద ఆరేయాలి. సాయంత్రానికల్లా మడతపెట్టి బీరువాల్లో సర్దేయాలి. ఈ సంగతి పైఆఫీసు చెవిన మాత్రం పడకూడదు. ఐదేళ్లుగా ఖాళీగా ఉన్న సూపరింటెండెంటు కుర్చీ ఈ వారమే ఎవరో ఒకరికి ఇవ్వబోతున్నారు. ఆ ఒకరు తానేనని ఆయన ఇంట్లో అప్పుడే చెప్పేశాడు.

ఇరవై మూడో పటం తీగ మీద వేస్తుండగా టైపిస్టు మెట్లెక్కి వచ్చింది.

"పైనుంచి ఉత్తరం సార్. ఇంగ్లీషులో ఉంది. ఒకటే లైను."

రికార్డు గది రెస్పాన్సిబిలిటీని సిబ్బంది మధ్య అపోర్షన్ చేసి, అందరి సంతకాలతో నాలుగు గంటల్లోపు పంపాలి. అదీ ఉత్తరం.

"అపోర్షన్ అంటే ఏంటి సార్?"

"నాకు తెలుసు. అయినా నిఘంటువు పట్రా."

అట్ట ఊడిన నిఘంటువులో ఆ మాట ఒక పేజీ చివర దొరికింది. వాటాలు వేసి పంచు. ఉదాహరణ: తప్పును అపోర్షన్ చేయుట, అనగా ఎవరి తప్పు ఎంతో తేల్చుట. పేజీ అక్కడితో అయిపోయింది. హెడ్ క్లర్కుకు కోపం నసాళానికి అంటింది.

"ఎవరో మన గుట్టు పైవాళ్ల చెవిన ఊదేశారు. నిన్న కుళాయి, ఇవాళ ఉత్తరం."

"ఉత్తరం మీద తేదీ మొన్నటిది సార్."

"తేదీలు చూడటం నాకు నేర్పకమ్మా. అందర్నీ పిలు."

అందరూ అంటే టైపిస్టు, వాచ్‌మన్, రికార్డు కీపరు. రికార్డు కీపరు హెడ్ క్లర్కు భార్యకు స్వయానా తమ్ముడు. హెడ్ క్లర్కు కిందికి దిగి, తన బల్ల మీద తెల్లకాగితం తీసి గీతలు కొట్టి వాటాలు వేశాడు. రికార్డు కీపరుకు అరవై, టైపిస్టుకు ఇరవై, వాచ్‌మన్‌కు పదిహేను, తనకు ఐదు.

"నాకు అరవయ్యా బావా?"

"ఆఫీసులో బావా అనకు."

"సరే సార్. నాకు అరవయ్యా బావా?"

"కుళాయి తిప్పింది నువ్వే కదా?"

"తిప్పాను. నీళ్లు రాలేదు, వెళ్లిపోయాను. నేను వెళ్లాక వచ్చిన నీళ్లతో నాకేం సంబంధం?"

టైపిస్టు కాగితం తన వైపు తిప్పుకుంది. "నేను ఆ గదిలో అడుగే పెట్టలేదు. నాకు ఇరవై దేనికి?"

"పెట్టి ఉంటే కుళాయి కట్టేసేదానివి. అందుకు."

"గదికి తాళం వేసింది మీరు. లోపలికి తొంగి కూడా చూడలేదు. దానికి ఐదేనా?"

వాచ్‌మన్ మెల్లగా అందుకున్నాడు. "నీళ్ల చప్పుడు నాకు తెల్లవార్లూ వినబడుతూనే ఉందండి. వాన అనుకున్నా."

"వీడికి ఇరవై చెయ్యి," అన్నాడు హెడ్ క్లర్కు పళ్లు నూరుతూ.

ఈలోగా రికార్డు కీపరు వరండాలోకి వెళ్లి వచ్చాడు. అతను కుర్చీలో కూర్చునే లోపే హెడ్ క్లర్కు ఫోను మోగింది.

"ఏవండీ, మా తమ్ముడికి అరవై వేశారటగా? పరీక్షల్లోనే వాడికి ఏనాడూ అరవై రాలేదు. మీరెలా వేస్తారు?"

ఇల్లాలి మాట కాదనలేక యాభై చేశాడు. తగ్గించిన పదీ టైపిస్టు వైపు జరిపాడు. ఆమె యంత్రం మీంచి చేతులు తీసేసింది. "ఇక మీరే కొట్టుకోండి సార్." టైపు ఆయనకు రాదు. ఆ పది వాచ్‌మన్ వైపు జరిపితే అతను గేటు తాళాలు తెచ్చి బల్ల మీద పడేశాడు. మధ్యాహ్నం మూడున్నరకు నాలుగో కాగితం చిరిగింది.

"అసలు తప్పు చేసినవాడికి సిగ్గుంటే ఒప్పుకుంటాడు," అని హెడ్ క్లర్కు బల్ల గుద్దాడు. "మీ వంశంలోనే ఆ అలవాటు లేదు."

ఫోను ఇంకా పెట్టేయలేదని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. అవతల భార్య ఠక్కున పెట్టేసింది. అది మరీ ప్రమాదం.

రికార్డు కీపరు లేచి నిలబడ్డాడు. మొహం జేవురించింది. "వంశం దాకా వచ్చావా బావా? నూటికి నూరూ నాకే రాసుకో. నీకు ఒక్క పాలు కూడా వద్దు. ఎక్కడ పెట్టాలి సంతకం?"

టైపిస్టు ఒక్క ఊపున కొట్టేసింది. రికార్డు కీపరు, నూరు. మిగతా ముగ్గురూ, సున్నా.

"పటాలు తడిసిన సంగతి కూడా రాయనా సార్?"

"వద్దు. వాళ్లు అడిగింది వాటాలే."

తన పేరు పక్కనున్న సున్నా దగ్గర హెడ్ క్లర్కు సంతకం చేసి, కింద గీత గీసి, పక్కనే మరోసారి సంతకం చేశాడు. నాలుగుకు ఐదు నిమిషాలుండగా కాగితం వెళ్లింది. ఐదింటికి పైఆఫీసు అధికారి ఫోను చేశాడు.

"కొత్త రికార్డు గది వస్తోంది కదా, దాని పనులు ఎవరెవరు ఎంతెంత మోస్తారో అడిగాం. ఎక్కువ వాటా తీసుకున్నవారికే సూపరింటెండెంటు పోస్టు. నిజం చెప్పొద్దూ, మీరే తీసుకుంటారనుకున్నాం. మీరేమో సున్నా దగ్గర రెండు సంతకాలు చేశారు."

"సార్, అది... మేము తప్పు గురించి అనుకుని..."

"ఏ తప్పు?"

హెడ్ క్లర్కు నోరు తెరిచాడు. గుమ్మడికాయల దొంగ ఎవరని ఎవరూ అడగకముందే భుజాలు తడుముకున్నానని అప్పుడు తెలిసింది.

"ఏం లేదు సార్."

టైపిస్టు నిఘంటువులో పేజీ తిప్పింది. "ఇక్కడ ఇంకో ఉదాహరణ ఉంది సార్. విధులను అపోర్షన్ చేయుట."

"పొద్దున్నే ఎందుకు తిప్పలేదు?"

"మీకు తెలుసన్నారు కదా."

మర్నాడు హెడ్ క్లర్కు సెలవు చీటీ పంపాడు. కారణం రాయలేదని కొత్త సూపరింటెండెంటు దాన్ని తిప్పి పంపాడు.