మ్యాపులో లేని దేవునర్ర

గురువారం పొద్దున దీపం ముట్టించి, అగరువత్తులు వెలిగించి, వేణుమాధవ్ దేవుడికి తన ఆదివారం ఏర్పాట్లు చెప్పుకున్నాడు. పొద్దున్నే పిల్లలు వస్తారు. ఎనిమిదికల్లా పరుగు మొదలు. ఎండ ముదరక ముందే అందరికీ పులిహోర, ఉడికించిన శనగల గుడాలు. ఇందులో దేవుడు చూసుకోవలసింది వాన సంగతి ఒక్కటే, మిగతాదంతా తాను చూసుకుంటాడు. దేవుడికి పని తగ్గించాలని మనిషి అనుకున్నప్పుడల్లా ఆయనకు పని పెరుగుతుందన్న సంగతి అప్పటికి అతనికి తట్టలేదు.

వేణుమాధవ్ ఉండేది గోదావరిఖని పక్కన ఒక కంపెనీ కాలనీలో. చేసేది బొగ్గుగనిలో సర్వే ఉద్యోగం. నేల కింద ఏ దారి ఎటు పోతుందో కొలిచి గీయడం అతని పని. రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో ఓరియెంటీరింగ్ అనే ఆట చూశాడు. చేతికి మ్యాపు ఇస్తారు. అందులో ఎర్ర సున్నా చుట్టిన ప్రతి చోటా ఒక చిన్న జెండా కట్టి ఉంటుంది. వరుస తప్పకుండా ఒక్కో జెండాను ముట్టుకుంటూ, ఏ సందులోంచి పోతే దగ్గరో ఎవరికి వారు తేల్చుకుంటూ పరుగెత్తాలి. అడవుల్లో ఆడతారు, ఊరి సందుల్లోనూ ఆడతారు. మ్యాపు చూసి పరుగెత్తడం కూడా ఒక ఆటేనని తెలిసిన రోజున, తాను ఇన్నేళ్లు జీతానికి చేస్తున్నది ఆటేనా అని అతను చాలాసేపు ఆశ్చర్యపోయాడు.

చుట్టుపక్కల ఉన్న జైపూర్ నుంచి, రామగిరి నుంచి నలభై మంది బడిపిల్లలకు కాలనీ సందుల్లో ఒకరోజు శిక్షణ శిబిరం పెట్టడానికి పూనుకున్నాడు. హైదరాబాద్ నుంచి కోచ్ శ్రీలేఖ వస్తానంది. "మ్యాపు సరిగ్గా ఉంటే వచ్చే ఏడు రాష్ట్ర పోటీలు మీ కాలనీలోనే పెడదాం సార్. కానీ సందుల్లో పరుగు కదా, ఒక్క గోడ తప్పినా పిల్లలు పోయి దానికే గుద్దుకుంటారు" అని ఫోన్‌లో ముందే చెప్పింది. వేణుమాధవ్‌కు అంతకంటే పెద్ద మాట అక్కర్లేదు. సెలవు దొరికిన ప్రతిరోజూ టేపు పట్టుకుని సందు సందూ తిరిగాడు.

కంపెనీ కట్టినప్పుడు క్వార్టర్లు దువ్వెన పళ్లలా వరుసగా ఉండేవి. తర్వాత జనం వచ్చారు. జనంతో పాటు ఐలవ్వ కోళ్ల గూడు, సదయ్య బర్రెల కొట్టం, ఇంకొకరి స్కూటర్ షెడ్డు, మరొకరి సొరపందిరి వచ్చి సందుల్లో కూర్చున్నాయి. ఒక్కదానికీ కంపెనీ అనుమతి లేదు. అందరికీ అవసరం మాత్రం ఉంది. వేణుమాధవ్ వాటన్నిటినీ నిజాయితీగా గీశాడు. కంచె ఉన్నచోట నల్లగీత, రేకుల కప్పు ఉన్నచోట బూడిద రంగు.

చివరికి తన క్వార్టర్ వెనక్కి వచ్చాడు. అక్కడ సందుకు అడ్డంగా దేవుడి గది ఉంది. రెండు గదుల ఇంట్లో దేవుడికి చోటు చాలక, భార్య రాజకుమారి పోరు పడలేక, నాలుగు రేకులతో తానే వేశాడు. దానికీ అనుమతి లేదు. ఆదివారం ముఖ్య అతిథి ఎస్టేట్ ఆఫీసర్ వీర్రాజు. కాలనీ క్వార్టర్లన్నీ ఆయన చేతి కిందివే. ఆయన చేతికి మ్యాపు వెళ్తుంది. వేణుమాధవ్ పెన్సిల్ ముక్కు అక్కడే విరిగింది. అతను దాన్ని మళ్లీ చెక్కలేదు. మ్యాపులో ఆ సందు ఈ చివర నుంచి ఆ చివరకు తెల్లగా, ఏ అడ్డూ లేకుండా ఉండిపోయింది.

గురువారం సాయంత్రం మ్యాపులు రంగుల్లో తీయించడానికి భూపాల్ జిరాక్స్ షాపుకు వెళ్లాడు.

"ఏందన్నా ఇది? మన కాలనీనే గదా! సదయ్య కాక కొట్టం సుత ఉన్నదే?"

"అన్నీ ఉంటయి భూపాల్. ఒక్కటి తప్పినా లెక్క తప్పుతది."

"మరి గీ ఎర్ర సున్నాలేంది?"

"ఆదివారం పోవాల్సిన జాగాలు. వరుసపెట్టి ఒక్కొక్కటే."

భూపాల్ ఇంకేమీ అడగలేదు. ఆహ్వానపత్రం కూడా తనే ముద్రిస్తున్నాడు. అందులో ముఖ్య అతిథి పేరు చదివాడు. సర్వే ఉద్యోగి, టేపు, రేకుల షెడ్ల మ్యాపు, ఎర్ర సున్నాలు, ఎస్టేట్ ఆఫీసర్. పొద్దుపోయేలోగా ఆ ఐదింటినీ కలిపి, జిరాక్స్ కోసం వచ్చిన ప్రతివాళ్లకూ ఒక్కో కాపీ ఇచ్చాడు, నోటితో.

మర్నాడు పొద్దున వేణుమాధవ్ జెండా కట్టే చోటు గుర్తు పెట్టుకోవడానికి ఐలవ్వ కోళ్ల గూడు దగ్గర సుద్దముక్కతో గీత గీస్తుంటే, ఆమె చేటలో నూకలతో బయటికి వచ్చింది.

"ఏం బిడ్డా, ఏదో ఓరి ఎంటరింగట. ఓరీ అనుకుంట ఇండ్లల్లకు ఎంటరైతరా?"

"ఓరియెంటీరింగ్ అవ్వా. ఇండ్లల్లకు రారు. బయట ఉన్నయాటికే వస్తరు."

"బయట ఉన్నయాటికే!" ఐలవ్వ చేట కింద పెట్టింది. "నా గూడు కాడికి గూడ వస్తరా?"

"ముందుగాల నీ గూడు కాడికే, అవ్వా."

"ఎందరొస్తరు?"

"నలభై మంది."

"గింత కోళ్ల గూడుకు నలభై మందా!"

"ఒక్కటేసారి రారు. ఒకల ఎన్క ఒకలు. నువ్వు ఫికర్ చెయ్యకు, రెండు సెకండ్ల పని. అలవాటైన పోరగాండ్లు."

"మరి నా కోళ్లు?"

"గా కాసేపు లోపటేసుకో. బెదురుతయి."

ఇంత దయగా చెప్పినవాడిని తిట్టడానికి ఐలవ్వకు నోరు రాలేదు. చేట తీసుకుని లోపలికి వెళ్లింది. వేణుమాధవ్ తన మాట ఆమెకు బాగా అర్థమైందనుకున్నాడు. నిజానికి అతను చెప్పిన ప్రతి మాటా ఆమెకు అర్థమైంది.

శనివారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి కాలనీ అంతా సుత్తి దెబ్బలు, రేకుల చప్పుడు. వేణుమాధవ్ గుమ్మంలో నిలబడి విని మురిసిపోయాడు.

"విన్నవా రాజీ? క్యాంపు కోసం అందరు ఎట్ల సాఫ్ చేస్తున్నరో! నేను ఒక్క మాట అడగలే."

పులిహోరకు చింతపండు నానబోస్తున్న రాజకుమారి తలెత్తింది. "సాఫ్ చేసేటోళ్లు చీపురు పట్టాలె గని సుత్తెలెందుకయ్యా? అదిగాక పొద్దుగాల నల్లా కాడ నాతోని ఒక్కలు మాట్లాడలే."

"పనిల పడ్డరు. పనిలున్నోళ్లు ఏం మాట్లాడ్తరు?"

ఆదివారం తెల్లవారుతూనే జెండాలు కట్టడానికి బయలుదేరిన వేణుమాధవ్ మొదటి మలుపులోనే నిలబడిపోయాడు. కోళ్ల గూడు లేదు. సుద్దగీత ఒక్కటే ఉంది. బర్రెల కొట్టం లేదు, బర్రెలు ఆరుబయట నిలబడి అతన్నే చూస్తున్నాయి. షెడ్లు లేవు, పందిళ్లు లేవు. కాలనీ కంపెనీ కట్టిన నాటి దువ్వెనలా ఉంది. చేతిలో మ్యాపు మాత్రం అందమైన అబద్ధంలా ఉంది.

ఎదురుగా వచ్చిన సదయ్యను పట్టుకున్నాడు. "కాకా, కొట్టమేది?"

"ఎందుకు అడుగుతవు? ఎర్ర సున్న చుట్టింది నువ్వు, రేకులన్న దక్కుతయని పీకింది నేను. సారుకు చెప్పు, జాగ సాఫ్ ఉన్నదని" అని సదయ్య బర్రెల వైపు వెళ్లిపోయాడు.

దొరికిన స్తంభాలకే జెండాలు కట్టి, విషయం తలకెక్కించుకునేసరికి బస్సు దిగిన నలభై మంది పిల్లలు గీత దగ్గర వరుస కట్టి ఉన్నారు. శ్రీలేఖ విజిల్ నోట్లో పెట్టుకుంది. చెప్పాలని వేణుమాధవ్ నోరు తెరిచాడు. అదే సమయానికి వీర్రాజు జీపు దిగి, చుట్టూ చూసి, అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఏం మాయ చేశారండీ వేణుమాధవ్ గారూ! మూడేళ్ల నుంచీ నోటీసులు అంటిస్తున్నానండి. ఆ కాగితాలన్నీ కోళ్ల గూళ్లకు కప్పుకున్నారు గానీ ఒక్కరు తీస్తే ఒట్టు! మీరు ఆట పెట్టారో లేదో, కాలనీ అద్దంలా అయిపోయిందండి!"

విజిల్ మోగింది. పిల్లలు పోయారు.

వేణుమాధవ్ కళ్లు మూసుకుని, మ్యాపును మనసులో పరుచుకుని, పిల్లలతో పాటు పరుగెత్తాడు. లేని గోడ చూసి ఆగుతారు. ఫరవాలేదు. లేని కొట్టం చుట్టూ తిరిగి పోతారు. అదీ ఫరవాలేదు. మూడో జెండా నుంచి నాలుగో జెండాకు దగ్గరి దారి ఏది? తెల్లగా, ఏ అడ్డూ లేకుండా, నిటారుగా ఉన్న ఒక సందు. అతను చటుక్కున కళ్లు తెరిచాడు.

చాలాసేపటికి మొదటి పిల్ల గమ్యం చేరింది. రావలసిన వైపు నుంచి రాలేదు, వేణుమాధవ్ వాళ్ల ముందు గేటు లోంచి వచ్చింది. నుదుట కుంకుమ ఉంది. ఒక చేతిలో బూట్లు, ఇంకో చేతిలో ఆకుదొన్నె. నోటి నిండా గుడాలు.

"నాలుగో జెండా ముట్టావా?" అంది శ్రీలేఖ.

ఆ పిల్ల మింగి చెప్పింది. "ఇంక పోలే మేడం. నడుమల దేవుడున్నడు."

అందరూ అటు పరుగెత్తారు. సందుకు అడ్డంగా దేవుడి గది ఒక్కటే కాలనీ మొత్తానికి దిక్కులా నిలబడి ఉంది. గుమ్మం ముందు బూట్ల గుట్ట. పిల్లలు సందు వైపు తలుపులోంచి వస్తున్నారు, రాజకుమారి తీర్థం పోసి, బొట్టు పెట్టి, దొన్నె చేతికిచ్చి ఇంటి వైపు తలుపులోంచి పంపుతోంది. మొదటి పిల్ల బూట్లతో లోపలికి దూసుకొచ్చినప్పుడు ఆమె గట్టిగానే అరిచింది. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా వాళ్లంతట వాళ్లే విప్పి వస్తుంటే, క్యాంపు అంటే ఇదేనేమో, ఈయన చెప్పడం మరిచిపోయాడేమో అనుకుని పని కానిస్తోంది.

వెనకాలే కాలనీ జనం వచ్చారు. రేకుల గది నిక్షేపంగా ఉండడం చూసి ఐలవ్వ కొంగు నడుముకు చెక్కింది.

"సారూ! మా గూళ్లు పీకిచ్చి, ఈన అర్ర ఈన నిలబెట్టుకున్నడు! సర్వే చేసినోనికి ఓ న్యాయం, మాకో న్యాయమా?"

"సర్వే ఏంటి? పీకించడమేంటండీ?" అన్నాడు వీర్రాజు. "నేను పరుగు చూడ్డానికి వచ్చానండి."

అందరూ భూపాల్ వైపు తిరిగారు. భూపాల్ పక్కనున్న బర్రె వైపు తిరిగాడు.

"అయితే మరి నా గూడు ఎవలు పీకిండ్రు?" అంది ఐలవ్వ.

"నువ్వే పీకినవు కదా అవ్వా" అన్నాడు వేణుమాధవ్ మెల్లగా.

ఆమె అన్న మాట ఇక్కడ రాయదగినది కాదు. పైగా దేవుడి గుమ్మం.

వీర్రాజు గొంతు సవరించుకున్నాడు. చూడనంతసేపు ఏమీ లేదు. ఇంతమంది ముందు చూశాక ఆఫీసరన్నవాడు ఏదో ఒకటి అనాలి. ఆయన నోరు తెరిచేలోపు రాజకుమారి గడప దాకా వచ్చింది. "సార్, బూట్లిప్పి రాండ్రి. మీరే ఆఖరు."

ఆయన ఇప్పాడు. తీర్థం తీసుకున్నాడు. పులిహోర రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద దగ్గర ఆయనకు దారి దొరికింది.

"ఏదండీ ఆ మ్యాపు?" అని తీసుకుని, కాలనీ అంతటికీ వినపడేలా చదివాడు. "ఇక్కడ సందు తెల్లగా ఉంది. సర్వేలో పనిచేసే మనిషి గీసిన మ్యాపండి. కాగితం మీద లేని గది ఉందని నేనెలా రాస్తానండీ?"

"మరి మాయి కాయితం మీదున్నయి గద సారూ!" సదయ్య ముందుకొచ్చాడు.

"కాగితం మీదుంటే? నేల మీద లేనివాటికి నోటీసు దేనికి అంటించమంటారండీ?"

జనం ఆ మాటను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. ఎటు తిప్పినా తమకే లాభంగా ఉంది, మళ్లీ కట్టుకోవద్దని మాత్రం ఆయన అనలేదు. ఐలవ్వ కొంగు నడుము నుంచి తీసి, దొన్నె కోసం చెయ్యి చాపింది.

మిగిలిన భయం శ్రీలేఖది. వేణుమాధవ్ తలవంచుకుని ఆమె ముందు నిలబడ్డాడు. "మేడం, మ్యాపు మొత్తం తప్పు. ఉన్నయి లెవ్వు, లేనిది ఉన్నది. మా కాలనీకి పోటీలు వద్దులే."

"పిల్లలు అంత సరదాగా పరుగెత్తడం నేను ఎక్కడా చూళ్లేదు సార్" అంది ఆమె. "వచ్చే ఏడు ఇక్కడే. కాకపోతే అప్పటికి మ్యాపూ నేలా ఒక్కటిగా ఉండాలి. ఎలా చేస్తారో మీ ఇష్టం."

వేణుమాధవ్ ఆలోచించాడు. మ్యాపు మళ్లీ గీసి నలభై కాపీలు తీయించడం కంటే కాలనీని పాత మ్యాపుకు సరిచేయడం తేలిక. ఎవరినీ బతిమాలే పని కూడా పడలేదు. సాయంత్రానికే గుమ్మం ముందు వరుస. గూడు ఎక్కడిదాకా ఉండేదో చూడమని ఐలవ్వ, కొట్టం మూల చూపమని సదయ్య. అందరికీ మ్యాపు చూసి, టేపు పెట్టి, ఉన్నచోటనే గీత గీసి ఇచ్చాడు. అతను అటు తిరగగానే ప్రతి ఒక్కరూ ఆ గీతను ఒక జానెడు ముందుకు జరుపుకున్నారు.

దీపాల వేళ రాజకుమారి మ్యాపును తెచ్చి దేవుడి ముందు పరిచింది.

"ఊరందరియి గీసినవు. దేవునర్ర ఎందుకు గియ్యలే?"

"సారు సూస్తడని..."

"అంటే దేవుణ్ణి దాచినవా, నిన్ను నువ్వు దాచుకున్నవా?"

సమాధానం కోసం అతను దేవుడి వైపు చూశాడు. పొద్దుటి నుంచి నలభై మందికి దర్శనమిచ్చి ఆయన హాయిగానే ఉన్నట్టున్నాడు. వానను కూడా ఆపాడు. వేణుమాధవ్ పెన్సిల్ చెక్కుకుని, లెంపలు వేసుకుని, తెల్లటి సందులో దేవుడి గదిని గీశాడు.

ఉన్నదానికంటే రెండడుగులు పెద్దగా వచ్చింది. కొలతలో తప్పేమీ లేదు, రాజకుమారి ఎప్పటినుంచో అడుగుతున్నదే.