నలభై ఎర్ర టోపీలు

ఆ ఉదయం జుదిత్తా వేసుకున్న లెక్క చాలా తేలికైనది. ఎనిమిదింటికి డెన్మార్క్ వాళ్ల బస్సెక్కాలి. మెల్లీహా ఇసుక, ఐన్ తుఫీహా మెట్లు, దింగ్లి కొండ అంచు, చివరగా నీలి గుహ చూపించాలి. నాలుగున్నరకి వాళ్లని హోటల్లో దింపెయ్యాలి. అయిదున్నరకల్లా హాల్ సామ్రా చర్చి మెట్ల మీద, అత్తగారి పక్కన, మెడలో నీలం కండువాతో నిలబడాలి. పదిహేడేళ్లుగా మాల్టా తీరం చూపించి బతుకుతున్న మనిషికి ఇదేమంత పని కాదు.

ఆ రోజు సాన్ రోక్కు పండగ. ఆమె భర్త విస్తిన్ మొట్టమొదటిసారిగా పునీతుడి విగ్రహానికి భుజం పెట్టబోతున్నాడు. దానికోసం పధ్నాలుగేళ్లు ఎదురుచూశాడు. మోసేవాళ్లు ఎనిమిది మంది. వాళ్లలో ఒకడి మోకాలు అరిగితే తప్ప కొత్తవాడికి చోటు దొరకదు. ఈ ఏడు ఒక మోకాలు దయతలచింది. విస్తిన్ తెల్లవారకముందే లేచి, మోసేవాళ్లు వేసుకునే తెల్ల అంగీ తానే ఇస్త్రీ చేసుకుని, అద్దం ముందు కుడి భుజం మీద పిండి బస్తా ఎత్తుకుని నిలబడ్డాడు.

"అది దించు. నడుం పట్టేసిందంటే నీ పండగ మంచం మీదే" అంది జుదిత్తా.

"ఇంకో రెండు నిమిషాలు" అన్నాడు విస్తిన్, ఊపిరి బిగబట్టి.

వంటింట్లోంచి అత్తగారు దొలోర్ గొంతు వినిపించింది. "ఏమే, అయిదున్నరంటే అయిదున్నరే. ఇరవై మూడేళ్లుగా ఈ ఇంటి ఉప్పు తింటున్నావు. ఇవాళైనా మావైపు నిలబడు."

"నిలబడతాను అత్తయ్యా."

"నీలం కండువా మర్చిపోకు."

"సంచిలో పెట్టుకున్నాను."

హాల్ సామ్రాలో రెండు బ్యాండు క్లబ్బులున్నాయి. సాన్ రోక్కుది నీలం, సాంతా కాటరీనాది ఎరుపు. చర్చి ఒకటే, ఫాదర్ ఒకడే, చచ్చాక పడుకునే చోటూ ఒకటే. పిల్లనిచ్చిపుచ్చుకుంటారు గానీ రంగులు మాత్రం కలవనివ్వరు. జుదిత్తా పుట్టిల్లు పచ్చి ఎరుపు. ఆమె అన్న సాల్వు ఎర్ర క్లబ్బుకి కార్యదర్శి. ఇరవై మూడేళ్ల కాపురంలో అత్తగారు ఆమె చేత ఇల్లంతా తుడిపించింది, వండించింది, మందులు తెప్పించుకుంది. నీలం జెండాకి మాత్రం ఒక్కసారీ ఇస్త్రీ పెట్టనివ్వలేదు.

నీలం క్లబ్బు అధ్యక్షుడు స్పీరు, విస్తిన్‌కి ఆ చోటు ఇస్తూ ఒక మాట అన్నాడు. "నీ భుజం మీద నాకు నమ్మకమే, విస్తిన్. నీ ఇంటి మీదే అనుమానం. పండగనాడు మీవైపునుంచి ఎర్రగా ఏదన్నా కనబడిందో, ఆ మోత కర్ర ఇంకోడి భుజం ఎక్కుతుంది, చెప్తున్నా."

జుదిత్తా బస్సెక్కగానే డ్రైవరు జెప్పి ఒక పెద్ద పొట్లం చూపించాడు. "పసుపు టోపీలు అయిపోయాయంట అక్కా. ఆఫీసువాళ్లు ఇవి పంపారు."

విప్పి చూస్తే నలభై టోపీలు, పండుమిరపకాయల్లాగా ఉన్నాయి. ఇవాళే ఎరుపు రావాలా అనుకుంది ఆమె. అయినా తమ దారి సముద్రం వైపు, హాల్ సామ్రా ఆ దారిలోనే లేదు. అందుకని ధైర్యం తెచ్చుకుని అందరికీ పంచింది. వాళ్లు పదవీ విరమణ చేసిన పెద్దలు. ఎరుపు మీద తెల్ల అక్షరాలు చూసి పరమానందపడ్డారు. అచ్చం వాళ్ల జెండా రంగులట.

గుంపు చెదరకుండా ఉండాలంటే టోపీ తలమీద ఉండాలి. టోపీ ఉండాలంటే కాస్త భయం చెప్పాలి. జుదిత్తా మైకులో చెప్పింది. "ఆగస్టు ఎండ మీరనుకున్నట్టు ఉండదు. పోయినవారం ఒకాయన టోపీ తీసి, అలాగే కూలబడిపోయారు. సాయంత్రం ఆరు దాకా ఎవరూ తీయొద్దు. ఇద్దరిద్దరుగా నా వెనక నడవండి."

పోయినవారం కూలబడినాయన నిజానికి టోపీ తీసినందుకు కాదు, మధ్యాహ్నం తాగిన వైను వల్ల కూలబడ్డాడు. ఆ సంగతి చెప్పవలసిన అవసరం ఆమెకి కనిపించలేదు.

రోజంతా బ్రహ్మాండంగా నడిచింది. ఐన్ తుఫీహా మెట్లు దిగుతుంటే పైనుంచి లెక్కపెట్టుకుంది: నలభై. మెల్లీహా నీళ్లలో మెడ లోతున ఉన్నా లెక్క తప్పలేదు. నీటి మీద నలభై టోపీలు తేలుతున్నాయి. ఇంత మాట వినే గుంపు తన ఉద్యోగంలో ఇదే మొదటిసారి అనుకుని మురిసిపోయింది.

మూడింటికి నీలి గుహ రేవుకి చేరేసరికి దక్షిణపు గాలి లేచి అలలు పెరిగాయి. పడవలన్నీ గట్టెక్కేశాయి. గంటకి పైగా కాచుకున్నా గాలి తగ్గలేదు. పడవవాళ్లు పేకాడుకుంటున్నారు.

"ఇవాళ్టికింతే జుదిత్తా" అన్నాడు వాళ్లలో పెద్దవాడు. "గుహలోకి తీసుకెళ్లడం నా చేతిలో ఉంది. బయటికి తేవడం దేవుడి చేతిలో ఉంది."

డెన్మార్క్ వాళ్ల కోపంతో వచ్చిన చిక్కేమిటంటే, వాళ్లు అరవరు. రాసుకుంటారు. గుంపుకి పెద్దలాంటి కిర్స్టెన్ అనే ఆవిడ చిన్న పుస్తకం తీసింది. ఆవిడ నలభై ఏళ్లు నర్సుగా పనిచేసి వచ్చిన మనిషి. "కరపత్రం మొదటి పేజీలో ఉన్న బొమ్మ ఈ గుహదే కదండీ?" అని నెమ్మదిగా అడిగింది.

జుదిత్తాకి అప్పుడే ఆలోచన తట్టింది. హాల్ సామ్రా ఇక్కడికి పది నిమిషాలు. వీళ్లకి పండగ చూపిస్తే గుహ సంగతి మర్చిపోతారు, తానూ వేళకి చర్చి దగ్గరుంటుంది. "మీకు ఏ కరపత్రంలోనూ లేనిది చూపిస్తాను. మా ఊరి పండగ!" అంది. నలభై మందీ చప్పట్లు కొట్టారు. కిర్స్టెన్ పుస్తకం మూసేసింది.

జెప్పి వెనక్కి తిరిగి గొంతు తగ్గించాడు. "అక్కా, మరి టోపీలో?"

"తీయించేస్తాలే. ఎంతసేపు?"

మైకు పట్టుకుంది. "ఎండ తగ్గింది. ఇక టోపీలు తీసి సంచుల్లో పెట్టుకోవచ్చు."

ఒక్క చెయ్యీ కదల్లేదు. కిర్స్టెన్ లేచి నిలబడింది. "ఆరు దాకా తీయొద్దని మీరే చెప్పారు. ఇప్పుడు నాలుగున్నర."

"అది సముద్రం దగ్గరండీ."

"ఊళ్లో ఉండేదీ ఆ సూర్యుడే కదా?"

వెనక సీటు పెద్దాయన అందుకున్నాడు. "నేను తీయను. ఇది మా జెండా. ఫొటో మా మనవడికి కూడా పంపించాను."

"అసలు మీరెందుకు పెట్టుకోలేదు?" అంది కిర్స్టెన్. "పొద్దుటినుంచీ చూస్తున్నాను."

జుదిత్తా చెమట తుడుచుకుంది. "ఇవాళ మా ఊళ్లో ఎరుపు... అంత బాగుండదు."

"నిషేధమా?"

"నిషేధం కాదు."

"మరి?"

ఆ గొడవ మొదటినుంచీ చెప్పాలంటే మూడు గంటలు పడుతుంది. బస్సు పది నిమిషాల్లో చేరిపోతుంది. ఆమె మైకు కింద పెట్టి, "వెనక సందువైపునుంచి పోనీ జెప్పీ, ఎవరూ చూడరు" అంది.

వెనక సందు మొదట్లో పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇటు పొలాల్లో బాణసంచా పేర్చారు. పెద్దవీధికి పొండి."

"అయ్యా, పెద్దవీధి వద్దు!"

"బాంబుల మధ్యకి పోతానంటావా అమ్మా?"

పెద్దవీధి మొదట్లో దిగారు. పైన బాల్కనీ నుంచి బాల్కనీకి నీలం తోరణాలు, కింద నీలం కాగితపు ముక్కలు. ఇద్దరూ ముగ్గురూగా విడిపోయి, వాళ్లూ వీళ్లూ అన్నట్టు నడవండని జుదిత్తా బతిమాలింది. కానీ పొద్దుటినుంచీ నేర్పిన విద్య ఊరికే పోతుందా? నలభై మందీ ఇద్దరిద్దరుగా బారు తీరి, ఊరేగింపు వచ్చే దారి నడిమధ్యన, ఆమె వెనకాలే కవాతులా కదిలారు.

మొదటి బాల్కనీలో ముసలాయన కాఫీ కప్పు వదిలేశాడు. "ఎర్రవాళ్లు! ఎర్రవాళ్లు వచ్చేశారురోయ్! విదేశాల నుంచి దింపారు!"

నీలం కుర్రాళ్లు వీధికి రెండు వైపులా చేరి, ఎర్రవాళ్లని ఏడిపించడానికే కట్టిన పాట అందుకున్నారు. అందులో సాంతా కాటరీనా క్లబ్బు పెద్దల తాతముత్తాతలందరికీ తలా ఒక చరణం ఉంది. డెన్మార్క్ వాళ్లు దాన్ని స్వాగతగీతం అనుకున్నారు. కిర్స్టెన్ కళ్లు చెమర్చాయి. అందరూ తాళం వేస్తూ, టోపీలు పైకెత్తి ఊపి, మళ్లీ జాగ్రత్తగా నెత్తిన పెట్టుకున్నారు.

నీలం పండగనాడు ఎర్ర క్లబ్బు తలుపులు మూసుకోవడం ఆనవాయితీ. ఆ మూసిన తలుపుల వెనక కూర్చుని దిగులుగా నిమ్మరసం తాగుతున్నవాళ్లు సందులోంచి తొంగిచూశారు. అంతే, పై అంతస్తు కిటికీలన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఎవరో డోలు వాయించారు. ఎవరో జున్ను కూరిన వేడివేడి పాస్తిజ్జీల పళ్లెం పట్టుకొచ్చి వరసలో ఉన్నవాళ్లందరికీ తలా ఒకటి చేతిలో పెట్టారు. బాల్కనీలోంచి అన్న సాల్వు సగం బయటికి వంగి, ఊరంతా వినేలా కేక పెట్టాడు.

"శభాష్ చెల్లీ! ఇరవై మూడేళ్లయినా నెత్తురు నెత్తురే అనిపించావ్!"

"అన్నయ్యా, లోపలికి పో! నీకు దణ్ణం పెడతాను, లోపలికి పో!"

"సిగ్గుపడకే! ఎక్కణ్నుంచి తెచ్చావ్ ఇంతమందిని?"

చర్చి ముందు బ్యాండు సగం పాటలో ఆగిపోయింది. గుమ్మంలో సాన్ రోక్కు, పాదాల దగ్గర కుక్కతో సహా, కర్రల మీద ఎక్కి సిద్ధంగా ఉన్నాడు. స్పీరు విస్తిన్ ఎదుటికి వెళ్లి నిలబడ్డాడు.

"అంగీ విప్పు."

"స్పీరూ, నాకేం తెలీదు. ఒట్టు."

"నీకు తెలీకపోవచ్చు. మీ ఇంటికి తెలుసు. విప్పు."

విస్తిన్ అంగీ విప్పి, ఇస్త్రీ మడత చెడకుండా మెల్లగా మడిచి చేతిమీద వేసుకున్నాడు. దూరం నుంచి జుదిత్తా ఆ మడత పెట్టడం చూసింది. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

అంతలో జనం రెండుగా చీలారు. మధ్యలోంచి అత్తగారు వస్తోంది. ఎనభై ఒక్కేళ్లు. మంచి చోటు పోతుందని మధ్యాహ్నం పన్నెండింటినుంచీ మెట్ల మీద, నీలం పట్టుగౌనులో, నెత్తిన ఏమీ లేకుండా, నీళ్లయినా తాగకుండా కూర్చున్న మనిషి. వేలు చాచి అరిచింది.

"పామును పెంచాను! పాలు పోసి పెంచాను! పధ్నాలుగేళ్లు నా కొడుకు..."

మాట మధ్యలో ఆగింది. వేలు అలాగే గాల్లో ఉండగా కళ్లు తేలిపోయి, కోడలి చేతుల్లోకే ఒరిగిపోయింది.

"అత్తయ్యా!" అంటూ జుదిత్తా నేలమీద కూలబడి ఆవిడ తల ఒడిలో పెట్టుకుంది.

అందరికంటే ముందు కదిలింది కిర్స్టెన్. నాడి చూసింది. గౌను మెడ బొత్తాలు విప్పింది. పాస్తిజ్జీ తింటున్న పెద్దాయన చేతిలోని నీళ్ల సీసా లాక్కుని, తన టోపీ తీసి, నిండా తడిపి, దొలోర్ నెత్తిన చెవులదాకా దింపేసింది.

వీధి వీధంతా నోరు తెరిచింది. ఆ తల మీద పుట్టి బుద్ధెరిగాక ఎరుపన్నది పడలేదు.

"తియ్యండి! ముందు అది తియ్యండి!" అంటూ స్పీరు పరుగున వచ్చి చెయ్యి చాపాడు. కిర్స్టెన్ ఆ చేతిమీద ఫట్టున ఒకటి వేసింది. నర్సు దెబ్బకి భాష అక్కర్లేదు. ఊరి డాక్టరు, ఆయనా నీలమే, గుంపులోంచి వచ్చి చూసి తల పంకించాడు. "ఒంట్లో వేడి తగ్గేదాకా తీయకూడదు. గంటన్నా ఉండాలి."

"ఇంకో రంగు గుడ్డ..."

"స్పీరూ, ప్రాణమా, రంగా?"

దొలోర్ కళ్లు తెరిచింది. ఎదురుగా కోడలి మొహం, కన్నీళ్లతో తడిసి ఉంది. చెయ్యి ఎత్తి నెత్తి తడుముకుంది. చల్లగా హాయిగా ఉంది. టోపీ అంచు పైకెత్తి, రంగు చూసింది. తరవాత పక్కనే మోకాళ్ల మీద ఉన్న కొడుకుని చూసింది.

"నువ్విక్కడేం చేస్తున్నావురా? అంగీ ఏది? అక్కడ పునీతుడు గుమ్మంలో నిలబడి ఉంటే?"

"స్పీరు వద్దన్నాడమ్మా. ఎర్ర టోపీల వల్ల."

దొలోర్ తల తిప్పింది. ఆవిడ చూపు వీధిలో బిక్కమొహాలతో నిలబడ్డ ముప్పై తొమ్మిది టోపీల మీదుగా సాగి, చివరకి కోడలి దగ్గర ఆగింది. కోడలి మెడ ఖాళీగా ఉంది. నీలం కండువా సంచిలోనే ఉండిపోయింది. అయినా అత్తగారి తల కింద ఉన్న ఒడి ఆ కోడలిదే. ఇంతసేపూ ఆ ఒడి కదల్లేదు.

"స్పీరూ, ఇలా రా" అంది దొలోర్. "ఎర్ర టోపీ ఇంటివాడు కర్ర పట్టకూడదా?"

"అది... నియమం అత్తా."

"అయితే నా నెత్తికేసి చూసి చెప్పు. మీ పెద్దజెండా కుట్టింది ఎవరు? మీ అమ్మకి నీలం గౌను కుట్టి పెట్టింది ఎవరు? చెప్పు, నా కొడుకు పట్టకూడదని."

స్పీరు టోపీకేసి చూశాడు, డాక్టరుకేసి చూశాడు. కిర్స్టెన్ చేతికేసి కూడా ఒకసారి చూశాడు. గొంతు సవరించుకుని, "విస్తిన్, ఆలస్యమవుతోంది. అంగీ తొడుక్కో" అన్నాడు.

దొలోర్ లేచి కోడలి భుజం పట్టుకుంది. "నడిపించు. మెట్లదాకా." రెండడుగులు వేసి గొణిగింది. "నువ్వు తెచ్చావో, నీ మీద వచ్చి పడ్డారో, ఇంటికెళ్లాక చెప్పు. ఇప్పుడు ఏడుపు ఆపు, వాడు చూస్తాడు."

బ్యాండు మళ్లీ అందుకుంది. ఎనిమిది మంది లేచారు. కుడివైపు మూడో భుజం విస్తిన్‌ది. మొహం కందిపోయింది, మెడ నరాలు ఉబ్బాయి, అయినా మెట్ల దగ్గరికి రాగానే తల తిప్పాడు. ఎర్ర టోపీలో అమ్మ, ఆమెను పట్టుకుని పెళ్లాం. నవ్వబోయాడు గానీ బరువు నవ్వనివ్వలేదు. డెన్మార్క్ వాళ్లు బారు చెదరకుండా వెనక నడిచారు. ఆరు కొట్టగానే ముప్పై తొమ్మిది మందీ ఒక్కసారే టోపీలు తీశారు. అది పునీతుడికి మర్యాద అనుకుని నీలంవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఫాదర్ దగ్గరికి రెండు ఫిర్యాదులు వెళ్లాయి. నీలం పండగలోకి ఎరుపు వచ్చిందని స్పీరు రాసినది ఒకటి. తమ రంగుని అనుమతి లేకుండా నీలం నెత్తిన పెట్టుకున్నారని సాల్వు రాసినది ఒకటి. ఆయన రెండూ చదివి, ఒకదానిమీద ఒకటి పెట్టి, పైన కాఫీ కప్పు పెట్టుకున్నాడు.

జుదిత్తా లేచేసరికి వంటింట్లో పొయ్యిమీద గిన్నె ఉడుకుతోంది. అత్తగారు గరిటెతో టోపీని తిప్పుతోంది. పక్కన నీలం రంగు పొడి పొట్లం.

"మంచి గుడ్డే. నీడ బాగా ఇస్తుంది. పారెయ్యడం ఎందుకని" అంది దొలోర్, తిరిగి చూడకుండానే. "అలమారాలో జెండా ఉంది. నలిగింది. నీకు తీరికుంటే ఇస్త్రీ పెట్టు. మరీ వేడి చెయ్యకు."

ఎరుపు మీద నీలం వేస్తే టోపీ ఊదారంగుకి తిరిగింది. హాల్ సామ్రాలో ఊదారంగుకి ఇంతవరకూ ఏ పునీతుడూ లేడు కాబట్టి, దొలోర్ దాన్ని పెట్టుకుని రోజూ బజారుకి వెళ్తోంది.