మెట్టు మీద విచారణ

పది గంటలకు విచారణ, పదీ పదికి క్షమాపణ, పదకొండుకల్లా మళ్లీ మిషను ముందు. ఆ ఉదయం టైలరమ్మ వేసుకున్న లెక్క ఇది. షాపు మెట్టు ఫుట్‌పాత్ మీదికి జానెడు పొడుచుకొచ్చిందనీ, లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో వచ్చి చెప్పుకోమనీ నోటీసు వచ్చింది. అవతల ముప్పై స్కూలు యూనిఫారాలు కత్తిరించి ఉన్నాయి. గవర్నమెంటుతో వాదన పెట్టుకునే తీరిక ఆమెకు లేదు.

"చెయ్యని తప్పుకి దణ్ణం పెడతావటే?" అంది అత్తగారు చెప్పులు వేసుకుంటూ. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. నోటీసుతో పాటు వచ్చిన నిబంధనల పుస్తకాన్ని అప్పటికే రెండుసార్లు చదివేసింది. "నేనూ వస్తున్నా."

"మీరు నోరు మెదపకూడదు అత్తయ్యా."

"నాకేం పని!"

విచారణ గదిలో బల్ల వెనక అధికారి, పక్కన టైపిస్టు, గోడవారగా రిపోర్టు రాసిన ఇన్‌స్పెక్టరు ఉన్నారు. టైలరమ్మ "తప్పయింది సార్" అనబోయేలోగా అత్తగారు లేచింది.

"మూడో నిబంధన. ఇక్కడ మాట్లాడే ప్రతి మాటా రికార్డులోకి ఎక్కాలి."

టైపిస్టు ఉలిక్కిపడి టకటకా మొదలుపెట్టాడు.

"ఈ ముసలావిణ్ణి ఎవరు రానిచ్చారయ్యా?" అన్నాడు అధికారి. అదీ ఎక్కింది.

"అది కొట్టెయ్!"

టైపిస్టు కొట్టాడు.

"కొట్టడం కాదయ్యా, కొట్టెయ్యమన్నాను!"

అదీ కొట్టాడు.

"రెండు పక్షాలూ ఒప్పుకుంటే గానీ ఒక్క అక్షరం తీసెయ్యకూడదు. నాలుగో నిబంధన," అంది అత్తగారు.

అధికారికి తిక్క రేగింది. "మీ షాపు మూసేసినట్టే అనుకోండి!"

"చూశారా, వినకముందే తీర్పు చెప్పేశారు! తొమ్మిదో నిబంధన ప్రకారం మీరీ కేసు వినడానికి పనికిరారు."

రికార్డు పై అంతస్తుకు వెళ్లింది. అక్కడినుంచి పెద్దాఫీసరమ్మ దిగి రావడానికి గంట పట్టింది. ఏమీ తోచక టైలరమ్మ ఆ పుస్తకం తెరిచింది. చదివేకొద్దీ ఆమెకు ఒళ్లు మండింది. ఇన్ని హక్కులుండగా, దణ్ణం పెట్టడానికా తను పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని బయల్దేరింది?

"మీరు చెప్పుకునేదేమైనా ఉందా?" అని అడిగారు పెద్దాఫీసరమ్మ.

అత్తగారు లేవబోయింది. టైలరమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి తనే లేచింది.

"ఇన్‌స్పెక్టరుగార్ని ఒక ప్రశ్న అడగాలండి. ఏడో నిబంధన." ఆమె గోడవైపు తిరిగింది. "సార్, మీరు మా షాపులోకి మెట్టెక్కి వెళ్లారా, దిగి వెళ్లారా?"

"ఎక్కే వెళ్లాను. రెండుసార్లు కొలిచాను కూడా."

"మా షాపు రోడ్డుకన్నా పల్లమండి. మెట్టు లోపలికి దిగుతుంది. మీరెక్కింది పక్కనున్న టైర్ల షాపు మెట్టు."

ఇన్‌స్పెక్టరు తన బూట్ల వంక చూసుకున్నాడు. అధికారి ఇన్‌స్పెక్టరు వంక చూశాడు. నోటీసు రద్దు చేస్తున్నట్టు పెద్దాఫీసరమ్మ అక్కడికక్కడే సంతకం పెట్టి కాగితం చేతికిచ్చారు.

"ఇక వీళ్లిద్దరి మీదా రేపే విచారణ. మీరు సాక్షిగా పదింటికి రావాలమ్మా."

"కుదరదండి," అంది టైలరమ్మ కాగితం మడిచి పర్సులో పెట్టుకుంటూ. "సాక్షికైనా పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పన్నెండో నిబంధన."

ఆ పూటకి అత్తగారికి చెప్పడానికి నిబంధనలేవీ మిగల్లేదు.