మా మామగారి పచ్చచుక్క

"నేటి నుంచి మన ఆసుపత్రుల్లో రోగి అనేవాడు తప్పిపోడు!" అని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. సభ దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. అంతకుముందు ఎంతమంది తప్పిపోయారని ఎవరూ అడగలేదు. శుభమా అని సభ జరుగుతుంటే అలాంటివి అడగడం మర్యాద కాదు.

నేను ప్రభుత్వాలను నమ్మే మనిషిని. ఏ ప్రభుత్వమైనా సరే, నాకు పట్టింపు లేదు. అందుకే ముందు వరసలో కూర్చుని పథకమంతా శ్రద్ధగా విన్నాను. ఆసుపత్రిలో చేరిన ప్రతి రోగి చేతికీ ఒక ప్లాస్టిక్ పట్టీ వేస్తారు. అందులో గోరంత చిప్ ఉంటుంది. ప్రతి గుమ్మం పైనా ఒక పెట్టె బిగిస్తారు. పట్టీ గుమ్మం దాటగానే ఆ పెట్టె రేడియో తరంగాలతో పసిగట్టి కంప్యూటరుకు చేరవేస్తుంది. ఆసుపత్రి హాల్లోనూ, మంత్రిగారి చాంబర్లోనూ గోడంత తెర ఉంటుంది. తెర మీద రోగికొక చుక్క. చుక్క కదులుతుంటే పచ్చగా ఉంటుంది, ఎక్కువసేపు ఒకేచోట ఉండిపోతే ఎర్రబడుతుంది.

"కదలిక అంటే సేవ! ఎర్ర చుక్క అంటే నిర్లక్ష్యం! ఒక్క ఎర్ర చుక్క కనిపించినా సూపరింటెండెంటు ఉద్యోగం ఊడుతుంది!" అని మంత్రిగారు బల్ల గుద్దారు.

రోగి అంటేనే కదలకుండా పడుకునేవాడు కదా అన్న సందేహం నాకు రాకపోలేదు. పెద్దవాళ్లు ఆలోచించే ఉంటారులే అని సరిపెట్టుకున్నాను.

ఆ తర్వాత కొద్దిరోజులకే మా మామగారు బల్బు మారుద్దామని కుర్చీ ఎక్కి కిందపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆయన బళ్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఈ వయసులోనూ పొద్దున్నే లేచి మైదానం చుట్టూ నడుస్తారు. నడుస్తూ నడుస్తూ ఎదురొచ్చిన వాళ్లను కూడా ఆపి, నడుం నిటారుగా పెట్టమని కోప్పడతారు. నడవని మామగారిని మాలో ఎవరమూ ఊహించుకోలేం.

"త్వరగా ఆపరేషన్ చేస్తే మళ్లీ నడుస్తారు, ఆలస్యమైతే ఇక మంచమే" అని ప్రభుత్వాసుపత్రి ఎముకల డాక్టరు ఉన్నమాట చెప్పేశాడు. మా ఆవిడ ప్రైవేటుకు వెళదామంది. నేను ససేమిరా అన్నాను.

"గుమ్మం గుమ్మానికీ రేడియో పెట్టారే, అలాంటి ఆసుపత్రిని కాదంటావా?"

"నాన్నకి కావల్సింది రేడియో కాదండీ, కాల్లోకి రాడ్డు!" అంది. ఆడవాళ్లకు టెక్నాలజీ మీద ఎందుకింత చులకనో అనుకున్నాను.

మామగారికి పట్టీ వేసి మంచం ఎక్కించారు. హాల్లో తెర మీద ఆయన పేరుతో పచ్చచుక్క వెలిగింది. నాకు కళ్లు చెమర్చాయి. అది చూద్దామని మా అత్తగారిని కూడా పిలుచుకొచ్చాను. మేం చూస్తుండగానే చుక్క రంగు మారడం మొదలైంది. పై వార్డు నుంచి కేక వినిపించింది. వెళ్లేసరికి హెడ్ నర్సు ఒక బేసిన్ పట్టుకుని, మంచం మంచానికీ తిరిగి రోగుల చేతుల నుంచి పట్టీలు ఊడదీసి అందులో వేస్తోంది. నిండిన బేసిన్ దుప్పట్ల ట్రాలీ మీద పెట్టగానే ట్రాలీ మనిషి దాన్ని తోసుకుంటూ బయటికి పరుగెత్తాడు.

"ఇదేంటి సిస్టర్?" అన్నాను.

"రౌండ్సండీ."

"డాక్టర్లు లేకుండానా?"

"ఇవి పట్టీల రౌండ్స్. మొదట్లో పేషెంట్లనే మంచాలతో సహా తోశామండీ. నడవాలో మంచాలన్నీ ఇరుక్కుపోయి ఇద్దరికి కుట్లు ఊడాయి. అందుకని పేషెంట్లకు రెస్ట్ ఇచ్చి పట్టీలను తిప్పుతున్నాం."

రోగి మీద ఎంత కరుణ! నేను మళ్లీ హాల్లోకి వచ్చి చూశాను. చుక్కలన్నీ పచ్చగా, బారులు తీరి బయలుదేరాయి. ఎక్స్‌రే గదికి వెళ్లాయి, రక్తపరీక్షకు వెళ్లాయి, పళ్ల డాక్టరును చూశాయి. ప్రసూతి వార్డులో మామగారి చుక్క కాస్త ఎక్కువసేపే ఆగింది.

"ఈ వయసులో ఈయనకి అక్కడేం పని?" అంది మా అత్తగారు, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

మర్నాడు మా ఆవిడ ఫోనుకు మెసేజి వచ్చింది: "అభినందనలు. మీ రోగికి తుంటి ఆపరేషన్ విజయవంతంగా పూర్తయింది." ఆవిడ ఏడుస్తూ, నవ్వుతూ పైకి పరుగెత్తింది. మామగారు కాలికి బరువు కోసం కట్టిన ఇటుక వేలాడేసుకుని నిన్న ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు. విచారిస్తే తేలిందేమిటంటే, ట్రాలీ మనిషి ఉక్కపోతకు తాళలేక ఏసీ కోసం పట్టీలతో సహా ఆపరేషన్ థియేటర్లో కాసేపు కూలబడ్డాడు. గుమ్మం మీది పెట్టె దాన్ని ఆపరేషన్ కింద జమకట్టుకుంది.

ఆ సాయంత్రం రెండో మెసేజి వచ్చింది: "మీ రోగి పూర్తిగా కోలుకుని ఇంటికి వెళ్లారు." ఈసారి పట్టీ మాసిన దుప్పట్లో చిక్కుకుని లాండ్రీ వ్యాన్లో గేటు దాటింది.

దాంతో మామగారికి భోజనం ఆగిపోయింది. వడ్డించే ఆవిడ చేతిలోని ట్యాబ్ చూసుకుని పక్కమంచానికి వెళ్లిపోబోయింది.

"ఏమ్మా, నాకో?" అన్నారు మామగారు.

"ఈ మంచం ఖాళీ అండీ."

"ఖాళీ ఏంటి? నేనున్నాగా!"

"మీరు ఉన్నారండీ. మంచం ఖాళీ."

నేను సూపరింటెండెంటు గారిని కలిశాను. ఆయన ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు.

"మీ మామగారికి ఇంకేం లోటండీ? ఆపరేషన్ అయింది, ఇంటికెళ్లారు."

"పైన వార్డులోనే ఉన్నారండీ."

"అది మీ అభిప్రాయం."

"ఎముక విరిగే ఉందండీ. దయచేసి ఆపరేషన్ చేయించండి."

"మళ్లీ చేస్తే మొదటిది ఫెయిలైందని తెర మీద పడుతుంది. ఇప్పటిదాకా మాది నూటికి నూరు శాతం సక్సెస్."

"మొదటిది చేస్తే కదండీ ఫెయిలయ్యేది?"

ఆయన నా వంక జాలిగా చూశారు. "మీలాంటి చదువుకున్నవాళ్లే సిస్టమ్‌ని నమ్మకపోతే ఎలాగండీ?"

సిగ్గుతో లేచి వచ్చేశాను. మా ఆవిడకు ఆ సిగ్గు కూడా లేదు. మామగారిని మంచంతో సహా తోసుకుంటూ గేటు దాకా వెళ్లింది. గేటు దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పట్టీ ఏదమ్మా?"

"లేదు. ఈయన వెళ్లిపోయారని మీ కంప్యూటరే అంటోందిగా, పోనివ్వు!"

"లోపల లేని మనిషిని బయటికెలా పంపనమ్మా? నా ఉద్యోగం పోదూ?"

మంచం మళ్లీ వార్డుకు తోసుకొచ్చాం. ఎముకల డాక్టరు అటుగా వెళుతూ కాలు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇవాళో రేపో చేయకపోతే ఇక చేసినా లాభం లేదు" అన్నాడు. "మీరే చేయండి బాబూ" అంది మా ఆవిడ. "పట్టీ లేకపోతే థియేటర్ తలుపు తెరుచుకోదమ్మా" అని తలొంచుకుని వెళ్లిపోయాడు. మామగారు గోడకేసి తిరగాలని చూశారు గానీ, అదీ చేతకాలేదు. నాకు మొదటిసారి భయమేసింది. మా ఆవిడ మొహం చూసే ధైర్యం లేకపోయింది.

అదృష్టం ఏమిటంటే, మర్నాడు మంత్రిగారే స్వయంగా తనిఖీకి వచ్చారు. ఆయన రాక కోసం నడవా అంతా సబ్బునీళ్లతో కడిగి అద్దంలా చేశారు. మంత్రిగారి చేతికి బంగారు రంగు పట్టీ. తెర మీద ఆయన చుక్క కూడా బంగారు రంగే. కింద హాల్లో విలేకరులు ఆ చుక్క మీద కెమెరాలు పెట్టుకుని కూర్చున్నారు. మంత్రిగారు నిరాడంబరులు. చేతిలో ట్యాబ్ పట్టుకుని, అందులో కనిపించే రోగులనే పలకరిస్తూ మా వార్డులోకి వచ్చారు.

"బాబూ! ఇక్కడున్నానండీ! నా కాలు చూడండి!" అన్నారు మామగారు.

మంత్రిగారు ట్యాబ్ చూసుకున్నారు. మంచం ఖాళీ. "ఎక్కడిదయ్యా ఆ శబ్దం?" అని పీఏని అడిగారు. పైపుల్లోంచి సార్ అన్నాడు పీఏ. ఊరేగింపు మళ్లీ నడవాలోకి కదిలింది.

అప్పుడు మామగారు, జీవితమంతా మైదానాలను దడిపించిన ఆ గొంతుతో, "అటెన్‌షన్!" అని అరిచారు.

మంత్రిగారి వెంట వచ్చిన పోలీసులు ఎక్కడివాళ్లక్కడ బూట్లు టకటకలాడించి బిగుసుకుపోయారు. సూపరింటెండెంటు గారు బిగుసుకుపోయారు. మంత్రిగారు కూడా చిన్నప్పుడు బడికి వెళ్లినవారే కాబట్టి ఠక్కున ఆగిపోబోయారు. నేల ఆగనివ్వలేదు. ఆయన పడిన చప్పుడు కింద హాల్లోకి కూడా వినపడింది.

"అమ్మో, తుంటి!" అన్నారు మంత్రిగారు.

"సార్, చుక్క!" అన్నాడు పీఏ.

నిజమే, చుక్క ఆగిపోయింది. ఇంకాసేపట్లో కెమెరాల ముందు ఎర్రబడుతుంది. పీఏ మంత్రిగారి చేతి నుంచి పట్టీ లాగి, దాన్ని పట్టుకుని నడవాలో పచార్లు మొదలుపెట్టాడు. సూపరింటెండెంటు గారు మోకాళ్ల మీద కూర్చుని, "సార్, వెంటనే ఇక్కడే ఆపరేషన్ చేయించేస్తాను. మాది నూటికి నూరు..." అన్నారు.

"నన్ను చంపుదామనుకుంటున్నావా?" అని మంత్రిగారు గావుకేక పెట్టారు. "ప్రైవేటుకి పదండయ్యా! వెనక మెట్ల మీంచి!"

పట్టీ లేకుండా గేటు దాటడానికి ఆయనకు ఏ ఇబ్బందీ కలగలేదు.

కానీ పడిన చప్పుడు విలేకరులు విన్నారు కదా. పీఏ కిందికి వెళ్లి, "మంత్రిగారికి తుంటి విరిగింది. అయినా సామాన్యుడిలా ఇక్కడే, ఈ ఆసుపత్రిలోనే ఆపరేషన్ చేయించుకుంటానని పట్టుబట్టారు" అని ప్రకటించాడు. విలేకరులు, మొహం కప్పేసి అయినా సరే, స్ట్రెచర్ ఒక్కటి చూపించమన్నారు. పీఏ చెమటలు కక్కుతూ మళ్లీ పైకొచ్చాడు. అతని చూపు మా మంచం మీద పడింది.

"ఇదెవరు?" అని హెడ్ నర్సును అడిగాడు.

"ఎవరూ లేరండీ" అంది ఆవిడ, ట్యాబ్ చూసుకుని.

"విరిగిందేంటి?"

"తుంటేనండీ."

పీఏ రెండు చేతులూ జోడించి పైకి చూశాడు. తర్వాత బంగారు పట్టీని మా మామగారి చేతికి వేశాడు.

థియేటర్ తలుపు దానంతట అదే తెరుచుకుంది. పెద్ద పెద్ద డాక్టర్లందరూ పరుగున వచ్చారు. ఎముకల డాక్టరు ఒళ్లు దగ్గర పెట్టుకుని, అక్కడున్నవాటిలోకెల్లా మంచి రాడ్డు వేశాడు. టీవీలో గంటగంటకూ మామగారి ఆరోగ్యం గురించి చెప్పారు. ప్రతిపక్ష నాయకుడు కూడా త్వరగా కోలుకోవాలన్నాడు. మా ఆవిడ థియేటర్ బయట కూర్చుని భోరున ఏడ్చింది. మామగారి కాలు నిలిచిందంటే ప్రభుత్వం చలవే కదా అన్నాను. ఆవిడ నాతో వారం రోజులు మాట్లాడలేదు.

కొన్నాళ్లకు పరీక్ష చేయించడానికి మామగారిని మళ్లీ అదే ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆయన నిటారుగా, లెఫ్ట్ రైట్ అనుకుంటూ నా కన్నా ముందు నడిచారు. ఆ రోజే మంత్రిగారు కూడా తనిఖీకి వచ్చారు. చేతికర్ర పట్టుకుని, ఒక కాలు ఈడుస్తూ నడుస్తున్నారు. మామగారి నడక చూసి, ఈయనదీ తుంటేనని నర్సు చెబితే ముచ్చటపడి ఆగారు.

"మాస్టారూ, మీకూ తుంటేనటగా! ఇంత బాగా నడుస్తున్నారు, ఎక్కడ చేయించుకున్నారేంటి?"

"ఇక్కడేనండీ."

మంత్రిగారు ఆశ్చర్యంగా సూపరింటెండెంటు వైపు తిరిగారు. "ఇక్కడ ఆపరేషన్లు కూడా చేస్తారా?"

సూపరింటెండెంటు గారు నోరు తెరిచేలోగా అందరం వార్డు మొదట్లోకి వచ్చాం. రోగుల బంధువులంతా చీరలు పైకి దోపుకుని, ప్యాంట్లు మడుచుకుని, బకెట్ల కొద్దీ సబ్బునీళ్లు నడవాలో కుమ్మరించి తోముతున్నారు. ఎవరూ పురమాయించలేదు. మంత్రిగారు అక్కడ కాచుకుని ఉన్న విలేకరుల వైపు తిరిగారు. "ప్రజల్లో ఎంత చైతన్యం వచ్చిందో చూశారా!" అన్నారు. విలేకరులు రాసుకున్నారు.

ఆయన చేతికర్ర ఆనించుకుంటూ ముందుకు అడుగు వేశారు. ఇంతలో బకెట్టు పట్టుకున్న ఒకాయన మెల్లగా మా మామగారి పక్కకు చేరి, చెవి దగ్గర నోరు పెట్టాడు.

"మాస్టారూ, మా అమ్మదీ తుంటేనండీ. ఇంకొక్కసారి అరుస్తారా?"

మామగారు మంత్రిగారి వంక చూశారు. తర్వాత గొంతు సవరించుకున్నారు.