మూడు వందల పానాలు, ఒక కుళాయి

ఆ ఆదివారం పొద్దున పానాల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు పాత పనిముట్ల సంఘం అధ్యక్షులవారు ఇంటికి వస్తారు, వెనక గదిలో మఖ్మల్ గుడ్డలో చుట్టి ఉన్న పెద్ద పానాను చూస్తారు, ఆహా అంటారు. అంతే. ఆ ఒక్క ఆహా కోసం ఆయనకు వారం రోజులుగా కంటిమీద కునుకు లేదు.

లెక్కల మాస్టారుగా రిటైరైన దగ్గర్నుంచి ఆయన మెకానిక్కుల పాత పానాలు పోగుచేస్తున్నారు. ఇప్పటికి మూడు వందల పన్నెండు. వాటిలో ఒక్కదానితోనైనా ఒక్క నట్టు తిప్పిన పాపాన పోలేదు. తిప్పితే గీతలు పడతాయట. తుడిస్తే తుప్పు పోతుందట, తుప్పు పోతే వయసు తెలియదట. ఈ తుప్పు పుణ్యమా అని ఆయన భార్య కుట్టుమిషను ఆరేళ్లుగా నడవలో పడి, వచ్చేపోయేవాళ్ల మోకాళ్లు చెక్కేస్తోంది.

"ఇవాళ తేలిపోవాలండీ," అంది ఆవిడ. "ఆయన ఒక్కటైనా అసలైన పాతదంటే గది మీది. లేదంటే సాయంత్రానికల్లా నా మిషను లోపలికి, మీ ఇనుము బయటికి."

"అలాగే కానీ! ఆ పెద్ద పానా నూరేళ్ల నాటిదే. కళ్లకు గంతలు కట్టినా గుర్తుపడతాను దాన్ని!"

మాస్టారు అతిథి కోసం బిస్కెట్లు తేవడానికి వీధిలోకి వెళ్లారో లేదో, ప్లంబరు వచ్చాడు. వంటింటి కుళాయి నెల రోజులుగా కారుతోంది. అతను సింకు కిందికి దూరి చూసి తల గోక్కున్నాడు.

"రెండు పానాలు కావాలమ్మా. ఒకటి పైపుని పట్టుకోవాలి, ఒకటి నట్టు తిప్పాలి. రెండోది నిన్న ఎక్కడో మర్చిపోయా. రేపొస్తా."

"రేపా! మూడు వందల పానాలున్న కొంపలో పానా లేక పని ఆగిందంటే నలుగురూ నవ్విపోతారు. ఉండు," అని ఆవిడ వెనక గదిలోకి వెళ్లి, గుడ్డ విప్పి పెద్ద పానా తెచ్చిచ్చింది. "గబగబా కానియ్. ఆయన చూశారంటే ఇల్లు పీకి పందిరేస్తారు."

అంతలోనే గేటు చప్పుడైంది. అధ్యక్షులవారు వీధిలోనే మాస్టారికి ఎదురై, కలిసి వచ్చేస్తున్నారు. ఆవిడ కంగారుగా వంటింట్లో వెతికింది. గట్టు మీద ఒక పానా కనిపించింది. అంతే పొడవు, అంతే పాత వాలకం. దాన్ని తీసుకుని పరుగెత్తి గుడ్డలో చుట్టేసింది. సింకు కింద ప్లంబరు చేతిలో ఉన్నదే పెద్ద పానా అని, గట్టు మీదిది అతను కాసేపు పక్కన పెట్టిన సొంత పానా అని ఆవిడకు తెలియదు.

అధ్యక్షులవారు గుడ్డ విప్పి, భూతద్దం పెట్టి, ఊపిరి బిగబట్టారు.

"ఆహా! ఈ ముద్ర చూశారూ? ఒక్కో అక్షరం చేత్తో కొట్టింది. తొంభై ఏళ్లకు తక్కువుండదు."

"నేను చెప్పలా!" మాస్టారు ఉబ్బి తబ్బిబ్బయ్యారు. "రోజూ దీన్ని చూడందే నాకు తెల్లవారదండీ."

"కానీ పిడి బాగా అరిగిందే. వాడుతున్నారా?"

"ఛ ఛ! ఎంతమాట!"

గుమ్మం పక్కన నిలబడ్డ భార్య తన మిషను వైపు చూసి నిట్టూర్చింది. సరిగ్గా అప్పుడే వంటింట్లో ఏదో ఫట్‌మంది. నీళ్లు నడవలోకి వచ్చేశాయి. వాటి వెనకే నిలువెల్లా తడిసిన ప్లంబరు వచ్చాడు.

"అమ్మా, మీ పానా జారిపోతోంది! నాదెక్కడ పెట్టారు? ఇదిగో, ఇక్కడుందా!" అంటూ అధ్యక్షులవారి చేతిలోంచి పానా లాక్కుని వెళ్లి రెండు తిప్పులు తిప్పాడు. నీళ్లు ఆగిపోయాయి.

ముగ్గురూ నీళ్లలో తపతపమంటూ అతని వెనకే వెళ్లారు.

"అది... నీదా?" అన్నారు అధ్యక్షులవారు.

"మా తాతదండీ."

"దీంతో పని చేస్తున్నావా!"

"పని చెయ్యకపోతే పానా ఎందుకండీ?" అన్నాడు ప్లంబరు. అతని అరచేతులు రెండూ ఎర్రగా ఉన్నాయి. సింకులో మాస్టారి పెద్ద పానా పడి ఉంది. దాని తుప్పంతా నీళ్లలో కరిగి కారిపోతోంది. కింద ఇనుము తళతళా మెరుస్తోంది.

"తుప్పు రంగు పూసి మీకు అమ్మారండీ. పోయినేడాది సరుకు," అన్నారు అధ్యక్షులవారు మెల్లగా. తర్వాత గదిలోకి వెళ్లి మిగతావన్నీ చూసి వచ్చారు. ఒక్కటీ పాతది కాదన్నట్టు తల అడ్డంగా ఊపారు. మాస్టారి భుజం తట్టారు.

మాస్టారు కుట్టుమిషను స్టూలు మీద కూలబడ్డారు. ఆరేళ్ల ప్రేమ అంతా నీళ్లలో కలిసిపోయింది. భార్యకు గది దక్కింది గానీ, ఆయన మొహం చూస్తే సంతోషించబుద్ధి కాలేదు.

"పోనీలెండి," అంది. "పాతవి కాకపోతే మరీ మంచిది. ఇక హాయిగా వాడుకోవచ్చుగా!"

మాస్టారు తలెత్తారు. "వాడొచ్చంటావా?"

"ఈ మిషను కాలి నట్టు ఆరేళ్లుగా వదులుగా ఉంది. ముందు అది బిగించండి."

ఆయన పెద్ద పానా పట్టి తిప్పారు. నట్టు కిర్రుమని బిగుసుకుంది. మాస్టారి మొహం వెలిగిపోయింది. మిషనును ఆయనే మోసుకెళ్లి గదిలో కిటికీ పక్కన పెట్టారు. తర్వాత మంచం, గేటు, కుర్చీల నట్లన్నీ బిగించారు. అధ్యక్షులవారు కూడా కోటు విప్పి, తొలిసారిగా ఒక నట్టు తిప్పి, పకపకా నవ్వారు. సాయంత్రానికి ఇంట్లో వదులుగా ఉన్నదంటూ ఏదీ మిగల్లేదు. ఆఖరున మాస్టారు, ఎందుకైనా మంచిదని, వంటింటి కుళాయి నట్టును కూడా మరో రెండు చుట్లు బిగించారు.

మర్నాడు పొద్దున ఆ కుళాయి తిప్పడానికి మళ్లీ ప్లంబరును పిలిచారు.