పదహారు బల్లల నంబరు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ప్రజలకు ఇకమీదట ఆఫీసుల్లో అన్యాయం జరగదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఏ దస్త్రాన్ని ఎవరు చూడాలన్న తగవును గణితానికే అప్పగించారు. మూడు జిల్లాల ఉమ్మడి దస్త్రాల కార్యాలయానికి పదహారు బల్లలు: జనగామలో ఐదు, మహబూబాబాద్‌లో ఆరు, భూపాలపల్లిలో ఐదు. దరఖాస్తు నంబరును ఏ బల్ల నంబరు శేషం లేకుండా భాగిస్తే ఆ బల్ల సంతకం తప్పనిసరి. సిఫారసుకు లొంగని ఈ పద్ధతిని కనిపెట్టిన ప్రత్యేకాధికారి జయపాల్ గారు ఒకప్పుడు లెక్కల లెక్చరరు.

కొత్తగూడ దగ్గరి తండా నుంచి సోమ్లి వచ్చింది. ముప్పై ఏళ్లుగా దున్నుతున్న రెండెకరాల పోడుకు పట్టా కావాలి. మృగశిర కార్తెలోగా కాగితం చూపకపోతే అందులో టేకు మొక్కలు నాటిస్తామని అటవీశాఖ మనుషులొచ్చి చెప్పి పోయారు. ఆఫీసు ముందు, యూరియా లైనులో మాదిరిగానే, చెప్పులు వరుసగా పెట్టి అందరం నీడన కూర్చున్నాం. నా పక్కనున్న తరిగొప్పుల ఉపేందర్ మర్యాదస్తుడు. ఎండలో నడిచొచ్చిన ముసలామెను చూసి కరిగిపోయాడు.

“అవ్వా, పెద్దదానివి, నువ్వు ముందుగాల పో,” అని ఆమె చెప్పుల్ని తన చెప్పుల ముందు పెట్టాడు.

“సల్లగుండు నాయినా,” అన్నది సోమ్లి.

ఆ విధంగా ఆమెకు 720720720720 వచ్చింది. ఉపేందర్‌కు దాని తరువాతిది.

ఉపేందర్ నంబరును రెండు నుంచి పదహారు దాకా ఏదీ భాగించలేదు. ఒకటో బల్ల సంతకంతో మధ్యాహ్నానికే అతని పని అయిపోయింది. సోమ్లి నంబరును మాత్రం ఒకటి నుంచి పదహారు దాకా అన్నీ భాగించాయి. జయపాల్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆ సంఖ్యకు మొత్తం తొమ్మిది వందల అరవై భాజకాలున్నాయని స్వయంగా లెక్కగట్టి కళ్లు తుడుచుకున్నారు.

సోమ్లి మూడు జిల్లాల బస్సులెక్కింది. ఏడో బల్ల సెలవులో ఉంది. పదకొండో బల్ల శిక్షణకు పోయింది. పదమూడో బల్ల అధికారి ఆమెను ఎదురుగా నిలబెట్టి, ఇంటికొచ్చిన చుట్టాలను ఆఫీసుకు పిలిపించి ఆ నంబరు చూపించాడు. పదహారో సంతకం పడ్డ రోజున సభ పెట్టి ఆమెకు శాలువా కప్పారు.

“ఒక నిరుపేద మహిళ ఇంతటి ఘనమైన సంయుక్త సంఖ్యను మోయడం మూడు జిల్లాల సమష్టి విజయం! ఏ బల్లనూ చిన్నబుచ్చని సంఖ్య ఇది!” అన్నారు జయపాల్ గారు.

పనులు వేగవంతం చేయడానికి అదే వేదిక మీద పదిహేడో బల్లను ప్రారంభించారు. దాని బాధ్యత పదహారు సంతకాలూ పడ్డ దస్త్రాల తుది తనిఖీ. శేషం మిగిలితే పని మిగిలినట్టే. సోమ్లి నంబరును పదిహేడుతో భాగించగా పదహారు మిగిలింది. కాబట్టి పదహారు బల్లలూ మళ్లీ చూడాలని రాశారు.

“ఒక్కటి కలిపితె సరిపోతది గద సారూ,” అన్నది సోమ్లి.

ఆమె లెక్క తప్పు కాదు. కానీ ఒకటి కలిపితే అది ఉపేందర్ నంబరవుతుంది. ఒకే నంబరును ఇద్దరికివ్వడం నేరం.

రెండో చుట్టులో తొమ్మిదో బల్ల దగ్గరుండగా మృగశిర వచ్చేసింది. రెండెకరాల్లో టేకు మొక్కలు లేచాయి. సోమ్లి శాలువా మడిచి తెచ్చి జయపాల్ గారి ముందు పెట్టింది.

“నా నంబరు అందరు మంచిగ పంచుకుంటిరి సారూ. నాకేం మిగిలింది?”

“సున్నా, అవ్వా. అదే దాని గొప్పతనం,” అన్నారాయన, గర్వంగా.

వేరే దరఖాస్తు పని మీద నేనూ అక్కడే ఉన్నాను. అబద్ధమెందుకు, రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆ తరువాత మా లైనులో పెద్దలంటే గౌరవం బాగా పెరిగింది. రాబోయే నంబరును బోర్డు మీద వేస్తారు. అందరం ఫోన్లు తీసి భాగించి చూసుకుంటాం. మొన్న నా వంతుకు పన్నెండు బల్లల నంబరు రాబోతుంటే లేచి వెనక్కి చూశాను. గంగారం నుంచి ఒక పెద్దాయన వచ్చి ఉన్నాడు. ఆయన చెప్పుల్ని నా చేతులతో తీసి నా చెప్పుల ముందు పెట్టాను. ఆయన నాకు దండం పెట్టాడు. నా పని ఒకటో బల్లతోనే తేలిపోయింది.