ఐదు పడవలు, ఒకటే సొట్ట

ఒక పెద్ద అడవిలో నేల అయిపోయి బురద మొదలయ్యే చోట, మడచెట్ల వెనక ఒక ఉప్పునీటి పాయ ఉండేది. పాయ దాటితే ఇసుక దిబ్బ. దిబ్బ దాటితే ఇక సముద్రమే.

ఆ దిబ్బకి కావలి మంగతాయి అనే ముసలి నీటికుక్క. ఏటా మాఘమాసంలో తాబేలు కూర్మమ్మ సముద్రంలోంచి ఒడ్డెక్కి, ఇసుకలో గుడ్లు పెట్టి, "వదినా, ఇక నీదే భారం" అని వెళ్ళిపోయేది. వాళ్ళ తల్లులూ అలాగే అనుకున్నారు, అమ్మమ్మలూ అలాగే అనుకున్నారు. ఆ మాట ఏ తరంలో మొదలైందో మంగతాయికి తెలుసు గాని, అడిగినవాళ్ళు లేరు.

గుడ్ల దొంగలు అడవి వైపు ఒడ్డున ఉండే నక్కలు. ఆటు వేళ పాయలో నీళ్ళు తీయగానే బురదలో పడి వచ్చేవి. కాళ్ళు దిగబడిన నక్క ఎటూ కదల్లేదు కదా, మంగతాయి నింపాదిగా వెనక నుంచి వెళ్ళి తోక కొరికేది. ఇదే వాళ్ళ ఇంటి విద్య. కానీ ఇప్పుడు ఆమె పళ్ళు కదులుతున్నాయి. పోయిన ఏడు సగం గుడ్లు నక్కల పాలయ్యాయి. ఈసారీ అలా అయితే కూర్మమ్మ మొహం ఎలా చూడను అని ఆమె బెంగ.

అందుకని కార్తీకంలో సింహంగారి కొలువుకి వెళ్ళి చిన్న మనవి చేసుకుంది. జానెడు నీళ్ళలో తేలే తాటిదోనె ఒకటి, కర్రలు పట్టుకున్న కోతులు నలుగురు. అంతే.

కొలువు ఈ మనవిని చాలా పెద్ద మనసుతో విన్నది. అదే వచ్చిన చిక్కు.

మర్యాదగల రాజ్యానికి ఒక్క దోనె ఏమిటని సింహంగారు ఐదు పడవలన్నారు. తీర రక్షణ శాఖ పెద్ద ఏనుగు గజపతయ్య, తాను ఎక్కి తనిఖీ చెయ్యగలిగేంత గట్టిగా ఉండాలన్నాడు. నెమలి పింఛం విప్పడానికి పైన చప్పరం అడిగింది. సింహంగారికి పరుపుల గది వచ్చి చేరింది. ఒంటికాలి మీద నిలబడి దస్త్రాలు రాసే కొంగ ధ్యానయ్య ప్రతిదానికీ "సబబే" అని రాసుకున్నాడు.

పడవలు చేసే పని వడ్రంగిపిట్ట సూరాచారిది. ఇంత బరువు తేలాలంటే నిలువు లోతు నీళ్ళు కావాలి, పాయలో అవి ఎక్కడివని అతను ఒక్కసారే అడిగాడు. లోతు విషయం వేరే శాఖ చూసుకుంటుందన్నాడు ధ్యానయ్య.

పుష్య పున్నమి ఉదయం మొదటి పడవకి ముహూర్తం పెట్టారు. పున్నమికి పోటు నిండుగా ఉంటుంది. పడవ హంసలా తేలింది. గజపతయ్య భక్తిగా కొబ్బరికాయ ఎత్తి పడవ ముందు భాగాన ఎడమ పక్క కొట్టాడు. కాయ పగల్లేదు. పడవ చెక్క లోపలికి పోయింది.

పూజలో జరిగింది అపశకునమని ఎవరంటారు? పరీక్షలో నెగ్గిందని రాశారు. మిగతా నాలుగూ మాఘ పున్నమికి తయారయ్యాక అసలు సమస్య బయటపడింది.

"ఐదూ ఒకే తరగతి పడవలని ఉత్తర్వులో ఉంది," అన్నాడు ధ్యానయ్య. "మొదటిదానికి ఎడమ పక్క సొట్ట ఉంది. వీటికేదీ?"

"అయ్యగారూ, అది ఏనుగుబాబుగారి చేతి చలవండి," అన్నాడు సూరాచారి.

"ఎవరి చలవైతేనేం? లక్షణం లక్షణమే."

సూరాచారి నాలుగు పడవలకీ కొలతపెట్టి సొట్టలు వేశాడు. గజపతయ్య చూసి, తనదంత బాగా రాలేదు గాని ఫరవాలేదన్నాడు.

ఆ పున్నమి ఉదయమే సింహంగారి తనిఖీ. ఒక్క చూపులో ఐదూ కనబడాలని పడవల్ని అడవి ఒడ్డు నుంచి దిబ్బ దాకా ఒకదాని తోకకి ఒకటి, కొసలు రెండు ఒడ్లకీ తాళ్ళతో కట్టి వరసగా నిలిపారు. పాయ వెడల్పు సరిగ్గా ఐదు పడవలంత. సింహంగారు ఉపన్యాసం మొదలెట్టారు. ఉపన్యాసం సాగుతోంది. కింద నీళ్ళు తీస్తున్నాయి. ఆయన సెలవు తీసుకునే వేళకి ఐదు పడవలూ బురదలో పాతేసినట్టు కూర్చున్నాయి.

మళ్ళీ అమావాస్య పోటు దాకా అవి తేలవని మంగతాయి చెప్పింది. "బాబుగారూ, వీటి మీద నడిస్తే నక్కల కాళ్ళకి బురద కూడా అంటదండి."

"పడవలు శత్రువుకి కనబడుతూ ఉండాలమ్మా," అన్నాడు గజపతయ్య. "కనబడటమే సగం కావలి."

మిగతా సగం మంగతాయికే మిగిలింది. ఇసుక కింద నూట పన్నెండు గుడ్లు.

శివరాత్రి వచ్చింది. పడవల సిబ్బంది దీక్షగా ఉపవాసం, జాగారం చేశారు. తెల్లారి అమావాస్య. పారణకని పులిహోర, దద్దోజనం, ఎండుచేపల పులుసు వండించి పడవల్లో పెట్టించి, ఒక కునుకు తీసి తిందామని ఇళ్ళకి వెళ్ళి, మధ్యాహ్నం దాటినా లేవలేదు.

ఉపవాసం, జాగారం నక్కలు కూడా చేశాయి. అవి మాత్రం లేచే ఉన్నాయి.

మూడో ఝాముకి నీళ్ళు పూర్తిగా తీశాక పదకొండు నక్కలు, పెళ్ళివారు వంతెన దాటినట్టు, పడవ మీద నుంచి పడవ మీదకి నడుచుకుంటూ వచ్చాయి. ముందు భీమలింగం అనే గుంటనక్క.

మంగతాయి దిబ్బ చివర నిలబడి ఉంది. పదకొండు తోకలు. తన నోట్లో గట్టిగా ఉన్నవి ఆరు పళ్ళు. ఆమె కళ్ళు మూసుకుని గంగమ్మ తల్లిని తలుచుకుంది. కళ్ళు తెరిస్తే పులిహోర వాసన వచ్చింది.

"ఏం పిన్నీ, అడ్డం వస్తావా?" అన్నాడు భీమలింగం.

"నేనెక్కడ ఆపగలను నాయనా. ఉపవాసం ఉన్న కడుపున పచ్చి గుడ్లు పడితే వికారమని చెబుదామని నిలబడ్డాను. ముందు పారణ కానివ్వండి. దొరలకి వండిందంతా మీ కాళ్ళ కిందే ఉంది. గుడ్లు ఎక్కడికి పోతాయి, వాటికి కాళ్ళా?"

"ముసలామెకి బుద్ధి వచ్చింది," అంది వెనకాల ఒక నక్క.

గుండిగలు ఖాళీ అయ్యాయి. తరవాత సింహంగారి పరుపుల గది కనబడింది. జాగారం చేసిన కళ్ళు, నిండిన పొట్టలు, మెత్తటి దిళ్ళు. చోటు చాలని నక్కలు చప్పరం కిందే ముడుచుకున్నాయి. భీమలింగం గురక మిగతా నాలుగు పడవల్లోకీ వినిపించింది.

పొద్దు గూకే వేళకి నీళ్ళు పాయలోకి రావడం మొదలైంది. మంగతాయి ముందు అడవి ఒడ్డు తాడు కొరికింది, తరవాత దిబ్బ తాడు. ఆ పనిలో రెండు పళ్ళు పోయాయి. అమావాస్య పోటుకి పడవలు లేచాయి, మళ్ళీ నీళ్ళు తీసేటప్పుడు వాటితోపాటే సముద్రంలోకి వెళ్ళిపోయాయి.

తెల్లారి చూస్తే ఐదు పడవలూ దూరాన, సొట్ట ఉన్న ఎడమ వైపుకే తిరుగుతూ, గుండ్రంగా గస్తీ కాస్తున్నాయి. మీద పదకొండు నక్కలు సింహాన్ని పేరుపెట్టి పిలుస్తూ ఏడుస్తున్నాయి. ఎడమకి తిరగడం అప్రదక్షిణం, అరిష్టమని ధ్యానయ్య ఒక్కడే బాధపడ్డాడు.

కొలువులో సంబరాలు. సిబ్బంది ఒక్కరైనా ఎక్కకుండా మొదటి గస్తీలోనే పదకొండు మంది దొంగల్ని పట్టిన పడవలు ఏ రాజ్యంలో ఉన్నాయి? గజపతయ్యకి పతకం వేశారు. అలాంటివే మరో పది చేయించాలని తీర్మానించారు. సొట్టతో సహా.

మంగతాయి మళ్ళీ వెళ్ళి తాటిదోనె సంగతి అడిగింది. దొంగలే లేనప్పుడు దోనె ఎందుకమ్మా అన్నాడు ధ్యానయ్య.

ఉగాదికి ముందు ఒక ఉదయం ఇసుక కదిలింది. ఆమె నాలుగు పళ్ళ నోటితో నవ్వుకుంటూ, నూట పన్నెండు పిల్లలూ నీళ్ళలో పడేదాకా లెక్కపెట్టింది.

నీతి: కావలివాడు నిద్రపోయినా ఫరవాలేదు గాని, దొంగకి కూడా నిద్ర పట్టేంత మెత్తటి పరుపు వేసి ఉంచాలి.